మాస్టర్ ప్లాన్ రద్దయింది, సరే. పాత మ్యాపు సంగతేంటి?

2023 జనవరి 20న కామారెడ్డి మున్సిపల్ కౌన్సిల్ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌ను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. జగిత్యాల కౌన్సిల్‌దీ అదే దారి. అడ్లూర్, ఇల్చిపూర్, టెక్రియాల్, లింగాపూర్ వైపు రైతులు తమ పొలాల మీద ఇండస్ట్రియల్ జోన్, వంద అడుగుల రోడ్లు గీశారని రోడ్డెక్కారు. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో గొడవ రిక్రియేషన్ జోన్ గురించి. అదే ఏడాది ఆగస్టులో నిర్మల్‌లోనూ మాస్టర్ ప్లాన్ మీదే ఆందోళన జరిగింది. రద్దు తీర్మానం వచ్చిన రోజు టపాసులు కాల్చడం సహజం. మర్నాటి సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ప్లాను రద్దయిందంటే ఊరికి ప్లానే లేకుండా పోయిందని అర్థం కాదు. మంజూరు కాని ముసాయిదా పోయింది, అంతే. కొత్తది మంజూరయ్యేదాకా పాతదే చెల్లుతుంది. అందులో గీసిన జోన్లు, ప్రతిపాదిత రోడ్లు, గ్రీన్ బెల్టు అన్నీ కాగితం మీద బతికే ఉంటాయి. ఊరు మాత్రం ఆ కాగితం దగ్గర ఆగదు కదా. బైపాస్ పడుతుంది, కలెక్టరేట్ ఊరవతలికి వెళ్తుంది, చుట్టూ పల్లెలు మున్సిపాలిటీలో కలుస్తాయి. అప్పుడు పాత ప్లానును ఒక్కో సర్వే నంబరు దగ్గర చింపి అతుకు వేయడం మొదలవుతుంది. దాన్నే భూవినియోగ మార్పిడి అంటారు. ఆఫీసులో అందరి నోటా వినిపించేది సీఎల్‌యూ.

నా వాదన ఇదే. పట్టణాన్ని నిజంగా మార్చేది ఇరవై ఏళ్లకోసారి వచ్చి, అందరి కళ్లూ పడే మాస్టర్ ప్లాన్ కాదు. నెలనెలా కౌన్సిల్ అజెండాలో చివరన కనిపించే రెండెకరాలు, ముప్పై గుంటల మార్పిడులే మారుస్తాయి. పెద్ద ప్లానుకు వేల అభ్యంతరాలు వస్తాయి. చిన్నదానికి ఒక్కటీ రాదు. పదేళ్లలో ఇలాంటివి ఎన్ని జరిగాయి, ఏ వీధి మీద ఎంత బరువు పడింది అని కూడి చూపించే షీటు చాలా మున్సిపాలిటీల్లో కనబడదు.

ముందు మాటల గందరగోళం తేల్చుకుందాం. తెలంగాణలో పాస్‌బుక్‌లో వ్యవసాయ భూమిగా ఉన్నదాన్ని వ్యవసాయేతరంగా మార్చడం ‘నాలా’ కన్వర్షన్. అది రెవెన్యూ శాఖ పని. మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమికి ఏ రంగు వేశారన్నది, అంటే ఏ జోన్‌లో పెట్టారన్నది, పట్టణ ప్రణాళిక విభాగం పని. నాలా కట్టేశాం కాబట్టి ఇల్లు కట్టుకోవచ్చని చాలామంది ప్లాటు కొంటారు. జోన్ మారకపోతే ఆ రసీదు ఇంటి అనుమతికి అక్కరకు రాదు. ఎల్‌ఆర్‌ఎస్ వీటి రెంటికీ వేరు, అది అనుమతి లేని లేఅవుట్‌లోని ప్లాటును క్రమబద్ధం చేసే పథకం. (పైగా మన ఊళ్లలో నాలా అంటే మురికి కాలువ కూడా. ఒకే కౌన్సిల్ మీటింగులో రెండు నాలాల మీదా చర్చ జరిగితే మినిట్స్ రాసే గుమాస్తాను చూసి జాలిపడాలి.)

ఇక ఫైలు నడక. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో లేని మున్సిపాలిటీ అయితే వ్యవహారం 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం కింద నడుస్తుంది. యజమాని దరఖాస్తు పెట్టుకుంటాడు. టౌన్ ప్లానింగ్ సిబ్బంది స్థలం చూసి, కొలిచి, చుట్టూ ఏమున్నాయో రాసి నోట్ తయారుచేస్తారు. అది కమిషనర్ ద్వారా కౌన్సిల్ అజెండాలోకి వస్తుంది. కౌన్సిల్ తీర్మానం చేస్తే ఫైలు డీటీసీపీకి, అంటే పట్టణ ప్రణాళిక డైరెక్టర్ కార్యాలయానికి వెళ్తుంది. అక్కడ సాంకేతిక నివేదిక జతపడి పురపాలక శాఖకు చేరుతుంది. ప్రభుత్వం సెక్షన్ 15 కింద ముసాయిదా మార్పును గెజిట్‌లో వేసి పదిహేను రోజులు అభ్యంతరాలకు గడువిస్తుంది. ఆ తర్వాత తుది జీవో. పట్టణాభివృద్ధి సంస్థ ఉన్నచోట తెలంగాణలో 1975 చట్టం సెక్షన్ 12 వర్తిస్తుంది. ఆంధ్రలో 2016లో ఆ సంస్థలకు కొత్త చట్టం వచ్చింది. ఇలాంటి చోట్ల కౌన్సిల్ పాత్ర ఇంకా పలచబడిపోతుంది. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 12వ షెడ్యూల్‌లో మొదటి అంశం పట్టణ ప్రణాళిక, రెండోది భూవినియోగ నియంత్రణ. అయితే ఆ అధికారాలను శాసనసభ ‘ఇవ్వవచ్చు’ అని రాజ్యాంగంలోని 243డబ్ల్యూ అధికరణం అంటుంది తప్ప ఇచ్చి తీరాలని అనదు. ఆ ఒక్క మాటలోనే మన కౌన్సిళ్ల బలమెంతో తెలిసిపోతుంది.

అలాగని కౌన్సిల్ తీర్మానాన్ని తీసిపారేయలేం. తుది మాట ప్రభుత్వానిదే అయినా, వచ్చే జీవోలో ‘కౌన్సిల్ తీర్మానం నంబరు ఫలానా ఆధారంగా’ అని ఉంటుంది. ఎవరైనా కోర్టుకు వెళ్తే ఊరి ప్రజల సమ్మతిగా చూపించేది ఆ నంబరునే. ఇంత బరువున్న తీర్మానం ఎలా వస్తుందో చూడండి. అజెండా సభ్యులకు మూడు నాలుగు రోజుల ముందు అందుతుంది. అందులో వీధిలైట్లు, డ్రైనేజీ బిల్లులు, ట్రాక్టర్ అద్దెలు, ఔట్‌సోర్సింగ్ జీతాలు. ఎప్పుడో చివరన ‘సర్వే నంబరు ఫలానాలో ఎ.2-10 గుం. నివాస జోన్ నుంచి వాణిజ్య జోన్‌కు మార్పు, ఆమోదం కొరకు’ అని ఒక్క వాక్యం. ఒక్కోసారి అదీ ఉండదు. టేబుల్ అజెండా పేరుతో మీటింగ్ హాల్లోనే పంచుతారు. మ్యాపు జతచేయరు. వార్డు సభ్యుడికి ఆ నంబరు తన వార్డులో ఏ మూల ఉందో తెలిసేలోపే ‘ఆమోదించడమైనది’ అని మినిట్స్‌లో పడిపోతుంది. అభ్యంతరం ఉన్న సభ్యుడు నోటితో అంటే చాలదు. డిసెంట్ నోట్, అంటే అసమ్మతి పత్రం, రాసిచ్చి మినిట్స్‌లో నమోదయిందో లేదో చూసుకోవాలి. లేదంటే ఏకగ్రీవం కిందే లెక్క.

నోట్‌లో మార్పిడికి చూపించే కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: ‘పరిసరాల్లో ఇప్పటికే వాణిజ్య కట్టడాలు ఉన్నందున’. అవి ఎలా వచ్చాయి? కొన్ని అనుమతి లేకుండా, కొన్ని అంతకు ముందు ఇలాంటి కారణంతోనే మారిన సర్వే నంబర్లలో. అంటే ఒక తప్పు రెండోదానికి సాక్షి, ఆ రెండూ మూడోదానికి. ఫంక్షన్ హాలు పడిన వీధిలో మరో రెండు ఫంక్షన్ హాళ్లు పుట్టేది ఇలాగే. ముహూర్తాల రోజుల్లో 30 అడుగుల రోడ్డు మీద కార్లు రెండు వరసలు నిలబడితే అంబులెన్సుకు దారుండదు. కడుతున్నవాళ్లు తమ స్థలంలో పార్కింగ్ చూపించే ఉంటారు. ఆ పార్కింగ్‌లో వంటవాళ్లు పొయ్యిలు పెడతారు, అది వేరే సంగతి.

తుది జీవోలోని షరతులు ఎవరూ చదవరు గానీ చదవాల్సినవి అవే. మార్పిడి చార్జీలు కట్టాలి. మాస్టర్ ప్లాన్ రోడ్డు కింద పోయే భాగాన్ని ఉచితంగా అప్పగించాలి. భవన అనుమతి విడిగా తీసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఈ మార్పిడిని భూమి హక్కుకు రుజువుగా వాడకూడదు అన్న వాక్యం. బ్రోచర్లలో ‘ప్రభుత్వ జీవో ఉన్న వెంచర్’ అని పెద్దక్షరాలతో వేసేవాళ్లు ఈ వాక్యం ఉన్న పేజీని జిరాక్స్ తీయరు. జీవో చివర షెడ్యూల్లో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దులు రాస్తారు. ‘ఉత్తరం: సర్వే నంబరు ఫలానాలో ఖాళీ స్థలం’ అని కనిపిస్తే అక్కడ ఆగండి. ఆ ఖాళీ స్థలం కుంట శిఖమా (కుంట నీరు నిలిచే నేల), బంజరా, వాగు పోరంబోకా అన్నది చూడాల్సిందే. తెలంగాణలో 2012 నాటి భవన నియమాల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీరు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల వెడల్పు దాటిన వాగు, కాలువలకు 9 మీటర్లు, అంతకు లోపువాటికి 2 మీటర్లు. జోన్ మారినంత మాత్రాన ఈ బఫర్ మాయం కాదు. కానీ ఎఫ్‌టీఎల్ హద్దు గుర్తించని కుంటకు బఫర్ ఎక్కణ్నుంచి కొలుస్తారు? నీటిపారుదల శాఖ గీత గీయకముందే టౌన్ ప్లానింగ్ రంగు వేసేస్తే తర్వాత వచ్చే వరద ఆ గీతను తనే గీసుకుంటుంది.

మాస్టర్ ప్లాన్ మీద కోపం ఊరికే రాలేదు, అదీ ఒప్పుకోవాలి. దాని లోపం మ్యాపు తయారయ్యే చోటే మొదలవుతుంది. ఉపగ్రహ చిత్రం మీద పాత గ్రామ నక్షాను పరిచి రెండిటినీ కలుపుతారు. నక్షా గీసిననాటి సర్వే రాళ్లు సగం ఊళ్లలో కనబడవు. మూడు గ్రామాల హద్దులు కలిసే చోట రాయి దొరికితే అదృష్టం, లేదంటే గుడి, రోడ్డు మలుపు, చెరువు కట్ట లాంటివాటిని పట్టుకుని అతికిస్తారు. పక్కపక్క గ్రామాల నక్షాలు అంచుల దగ్గర కలవవు, కొంత మేర ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, లేదా మధ్యలో సందు మిగులుతుంది. బై నంబర్లు, అంటే సర్వే నంబరులోని ఉపవిభాగాలు, నక్షాలోనే ఉండవు. 1:10,000 స్కేలు మ్యాపు మీద ఒక మిల్లీమీటరంటే నేల మీద పది మీటర్లు, సుమారు 33 అడుగులు. పెన్ను మందం గీత జరిగితే చదరంగా ఉన్న ఎకరంలో ఆరు గుంటలు అటో ఇటో అవుతాయి. కన్సల్టెంట్ ఆఫీసులో అది గీత, రైతుకు బోరుబావి.

వంద అడుగుల రోడ్డు లెక్క కూడా వేసి చూద్దాం. చదరపు ఎకరం ఒక్కో వైపు దాదాపు 209 అడుగులు. దాని నడుమ నుంచి వంద అడుగుల రోడ్డు పోతే 2,319 గజాలు, అంటే 19 గుంటలు ఎగిరిపోతాయి. మిగిలింది రోడ్డుకు రెండు పక్కలా 54 అడుగుల వెడల్పున్న రెండు పేలికలు. అందులో నాగలి తిరగదు, పంపుసెట్టు ఒక వైపు, మడి ఇంకో వైపు. ఆ రోడ్డు ఎప్పుడు వేస్తారు? ప్లాను 20 ఏళ్లకు. అంతవరకు భూమి అతనిదే, కొనేవాడు రాడు, బిడ్డ పెళ్లికి అమ్ముదామంటే సగం ధర. సేకరణ జరగలేదు కాబట్టి పరిహారమూ లేదు. అదే గీతకు అవతలి గట్టున పసుపు రంగు (నివాస జోన్) పడిన వాడికి రాత్రికి రాత్రే గజాల లెక్క మొదలవుతుంది. ఒకే ఊరు, ఒకే నేల, ఒకే వాన. రంగు పెన్సిల్ ఒకరి జేబులోంచి తీసి మరొకరి జేబులో వేసింది. రైతులు రోడ్డెక్కింది రోడ్లు వద్దని కాదు. ఈ పంపకం లెక్క అడగడానికి.

ముసాయిదా అంటే చట్టం కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. బెంగళూరుకు చెందిన ఒక కేసులో 2006లో సుప్రీంకోర్టు, అనుమతిచ్చే నాటికి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారమే భవన అనుమతి తేల్చాలనీ, రాబోయే ప్లాను పేరు చెప్పి ఆపకూడదనీ చెప్పింది. ముసాయిదా చూపించి ఫైలు పక్కన పెడితే ఆ తీర్పు పనికొస్తుంది. ఇంకో తీర్పు 1991 నాటిది, అదీ బెంగళూరుదే. పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది, ఆ కాలనీవాసులకు అడిగే హక్కుందని తేల్చింది. ‘నీ భూమి కాదు కదా, నీకెందుకు’ అనేవాళ్లకు ఇది జవాబు.

ప్లానులో మరో కీలు జనాభా అంచనా. లక్ష జనాభా ఉన్న పట్టణం ఏటా 2 శాతం పెరుగుతుందంటే ఇరవై ఏళ్లకు లక్షా 49 వేలు. 3.5 శాతమంటే దాదాపు రెండు లక్షలు. హెక్టారుకు వంద మంది చొప్పున మొదటి లెక్కకు అదనంగా కావాల్సింది సుమారు 1,200 ఎకరాలు, రెండో లెక్కకు 2,400 పైచిలుకు. ఒకటిన్నర శాతం తేడాతో పొలాల మీద పడే రంగు రెట్టింపయింది. ఇప్పటి ముసాయిదాలు చాలావరకు 2011 జనగణన అంకెల మీద నిలబడ్డవి. నివేదిక అడిగితే ముందు మ్యాపు చూస్తాం గానీ, చూడాల్సింది జనాభా అధ్యాయంలోని ఆ శాతం. దాన్ని ఏ పద్ధతిలో తేల్చారో రాయని ప్లానుకు ఇంకే అభ్యంతరమూ అక్కర్లేదు.

అభ్యంతరం రాయడంలో చేసే పొరపాట్ల వల్ల మంచి వాదనలు కూడా చెత్తబుట్టకు పోతాయి. ఐదొందల మంది సంతకాలు పెట్టిన ఒకే వినతిపత్రం రిజిస్టరులో తరచు ఒకే అభ్యంతరంగా ఎక్కుతుంది. ఎవరి సర్వే నంబరుకు వాళ్లు విడిగా రాయాలి. సర్వే నంబరు, బై నంబరు, విస్తీర్ణం, ముసాయిదాలో చూపించిన వినియోగం, నేల మీద ఇప్పుడున్నది, మీరు కోరే మార్పు. ఇంతకు మించి ఉపన్యాసం వద్దు. పాస్‌బుక్ నకలు, సర్వే నంబరు కొలతలు చూపే పటం (తెలంగాణలో అయితే టిప్పన్, ఆంధ్రలో అయితే ఎఫ్‌ఎంబీ) జతచేయండి. ముసాయిదా మ్యాపులో మీ చోటును ఎర్ర ఇంకుతో చుట్టండి. బావి, బోరు, ఇల్లు ఉంటే అక్షాంశ రేఖాంశాలు పడే ఫొటో తీసి పెట్టండి. రోడ్డు గీత మీద అభ్యంతరమైతే పక్కనే ఉన్న బండ్లబాట మీదుగా ఎలా మళ్లించవచ్చో గీసి చూపించండి. ‘వద్దు’ అన్న కాగితం కన్నా ‘ఇటు జరపండి’ అన్న కాగితానికి సమాధానం రాయక తప్పదు. ఇచ్చాక ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలొద్దు.

విడి మార్పిడి విషయంలో చిక్కు కాలంతో వస్తుంది. గెజిట్ గడువు పదిహేను రోజులు. సమాచార హక్కు కింద జవాబుకు ముప్పై రోజులు. గెజిట్ చూశాక పది రూపాయలు కట్టి దరఖాస్తు పెడితే ఫైలు నకలు చేతికొచ్చేసరికి గడువు దాటి పదిహేను రోజులవుతుంది. కాబట్టి దరఖాస్తు పెట్టాల్సింది కౌన్సిల్ అజెండాలో సర్వే నంబరు కనబడిన రోజే. తీర్మానం నుంచి గెజిట్‌కు చేరడానికి నెలలు పడుతుంది, ఆ వ్యవధి మనకు దొరికే అవకాశం. అడగాల్సినవి స్థల పరిశీలన నోట్, ముందున్న రోడ్డు అసలు వెడల్పు, ఆ చోటి భూవినియోగం చూపే పార్ట్ ల్యాండ్ యూజ్ మ్యాపు, చుట్టుపక్కల అంతకు ముందు ఇచ్చిన మార్పిడుల జీవోలు. రోడ్డు వెడల్పు దగ్గర ప్రత్యేకంగా కళ్లు తెరవాలి. ప్లానులో 40 అడుగులని ఉన్నది నేల మీద మోరీ నుంచి మోరీకి 22 అడుగులే ఉండొచ్చు. 2012 నియమాల్లో 18 మీటర్లు, ఆపై ఎత్తున్న భవనం ముందు కనీసం 12 మీటర్ల రోడ్డుండాలి. నోట్‌లో ‘ప్రతిపాదిత 40 అడుగుల రోడ్డు’ అని రాస్తే ప్రతిపాదితం అన్న మాటకు గీత కొట్టి, ఇప్పుడెంతుందో చెప్పమని అడగాలి.

మార్పిడులన్నీ దొంగ పనులని నేను అనడం లేదు. పాత ప్లాను పసుపు రంగు వేసిన ప్రధాన రోడ్డు మీద చిన్న కిరాణా కొట్టు, టిఫిన్ సెంటర్ నడుపుకునేవాళ్లు ఎన్నాళ్లు నేరస్థుల్లా బతకాలి? ప్లాను సవరణ ఏళ్ల తరబడి ఆగిపోతే యజమానికి ఉన్న దారి ఇదొక్కటే. కౌన్సిలర్లు చెప్పే రాబడి మాటలోనూ నిజముంది, చార్జీలు రాకపోతే చిన్న మున్సిపాలిటీకి మోరీ పూడిక తీయించడం కష్టం. నేను అడిగేదల్లా, దారి ఒక్కో మనిషికి ఒక్కోటి కాకుండా వీధి మొత్తానికి ఒకేసారి తెరవమని. రోడ్డు వెడల్పు, నీటి లైను, మురుగు కాలువ మోసే బరువు చూసి, ఫలానా జంక్షన్ నుంచి ఫలానా కల్వర్టు దాకా రెండు పక్కలా వాణిజ్యం అని తేల్చితే డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకటే నిబంధన. కట్టిన చార్జీలు ఆ వీధి మోరీకే ఖర్చయ్యాయని చూపించాలి. అన్నీ జనరల్ ఫండ్‌లో కలిసిపోతే మార్పిడి వల్ల వచ్చిన బరువు ఆ వీధికి, డబ్బు ఇంకెక్కడికో.

రోడ్డు కింద, పార్కు కింద పోయేవాడి నష్టానికి జవాబు గుజరాత్‌లో నలభై ఏళ్లు పైబడి నడుస్తున్నదే. అక్కడి 1976 చట్టం కింద టౌన్ ప్లానింగ్ (టీపీ) స్కీములో ఒక ప్రాంతంలోని భూములన్నీ ఒక ముద్ద చేస్తారు. రోడ్లకు 15 శాతం, పార్కులకు 5, బడి ఆసుపత్రులకు 5, అమ్మి ఖర్చులు రాబట్టుకోవడానికి 15, వెరసి 40 శాతం దాకా తీసుకుని మిగతాది సరైన ఆకారంలో ప్లాట్లుగా అందరికీ తిరిగిస్తారు. రోడ్డు ఎవరి పొలంలో పడినా కోత అందరికీ. మన 1920 చట్టం కూడా అసలు టౌన్ ప్లానింగ్ స్కీముల గురించే, మన దగ్గర అది రంగుల మ్యాపుగా మిగిలింది. భూసమీకరణ అనగానే అమరావతి గుర్తొస్తుంది. అక్కడ మెట్ట ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం అని రాసిచ్చారు. అంటే తిరిగి వచ్చేది నాలుగో వంతుకు కాస్త పైన. ఆ నిష్పత్తి ఎందుకు తేలిగ్గా నడిచిందంటే రాజధాని ధరల మీద ఆశ. 2019 తర్వాత పనులు ఆగిపోయినప్పుడు రైతు చేతిలో పొలమూ లేదు, నిలబడే ప్లాటూ లేదు. అందుకే కామారెడ్డి లాంటి పట్టణంలో చేస్తే వేల ఎకరాల్లో వద్దు. వంద, నూటయాభై ఎకరాల స్కీములుగా, తిరిగి ఇచ్చే శాతం ముందే రాసి, ప్లాటు అప్పగించేదాకా సాగు ఆపకుండా చేయాలి.

తెలంగాణలో చాలా మున్సిపల్ పాలకవర్గాల గడువు 2025 జనవరి చివర్లో ముగిసి ప్రత్యేకాధికారులు కూర్చున్నారు. కౌన్సిల్ లేనప్పుడు కౌన్సిల్ చేయాల్సిన తీర్మానం మీద ఒక్క సంతకమే ఉంటుంది, చర్చ ఉండదు, డిసెంట్ నోట్ రాసే మనిషీ ఉండడు. ఆ కాలపు మినిట్స్ పుస్తకంలోంచి సీఎల్‌యూ తీర్మానాలన్నీ తీయించి, ఒక్కోదాన్నీ పాత మాస్టర్ ప్లాన్ షీటు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టడం వార్డుకొకరు కూర్చుంటే రెండు ఆదివారాల పని. షీటు ఏ3 సైజులో ప్రింటు తీస్తే సర్వే నంబర్లు కనబడవు, ఏ0 తీయించండి.